ఎవరైనా అడిగారా?

"నీ పదిహేడు భాగాలూ ఆపేసి ఇవాళ్టికి రెండు వారాలు. ఎవరైనా అడిగారా?"

మీటింగ్ గదిలో అందరి ముందూ కత్తెర సార్ అలా అడిగేసరికి కొత్తమ్మాయి మొహం పాలిపోయింది. ఎవరు రాసిన ప్రోగ్రాం కనబడినా సగం కోసి పారేస్తాడని ఆ పెద్దాయనకు ఆఫీసంతా చాటుగా పెట్టుకున్న పేరది.

ఆస్పత్రిలో ఎవరి తర్వాత ఎవరు డాక్టర్ గదిలోకి వెళ్లాలో చెప్పే ప్రోగ్రాం. కొత్తమ్మాయి ఆర్నెల్లు కూర్చుని దాన్ని పదిహేడు అదనపు భాగాలున్న ఒక పేద్ద ఫ్రేమ్‌వర్క్ మీద కట్టింది. రేపు ఆ ఆస్పత్రి పది ఊళ్లలో శాఖలు పెట్టినా పనికొస్తుందని ఆమె ధీమా. అయితే దాని లోతుపాతులు ఆమెకు తప్ప ఇంకెవరికీ అంతుపట్టవు. కత్తెర సార్ బెంగ అంతా అక్కడే. అది నిలబడితే తన కుర్చీకి ఎసరు వచ్చినట్టేనని ఆయనకు బాగా తెలుసు.

"ఆపేశారా? నాకు చెప్పకుండానా?"

"చెబితే ఏడుస్తావు. ఆపేసి ఊరుకోవాలి. నిజంగా అవసరమైతే ఎవరో ఒకరు లబోదిబోమంటారు. ఒక్కరూ అనలేదు. కట్టినదానివి, నీకే తెలియలేదు!"

గదిలో నవ్వులు.

"అవి రేపటి కోసం సార్..."

"రేపటి సంగతి రేపు. పేషెంటు పేరు, టోకెన్ నంబరు, గది నంబరు. ఈ మూడింటికి ఇంత హంగామానా? నేను మూడు పేజీల్లో రాసిపడేశాను."

మేనేజర్ ఆ మూడు పేజీలూ అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీన్ని ఎవరైనా నడపగలరా?"

"నిన్న చేరినవాళ్లు కూడా. కళ్లు మూసుకుని."

"అయితే ఇదే ఉంచుదాం."

కత్తెర సార్ అంతటితో వదల్లేదు. లాప్‌టాప్ ఆమె వైపు తోశాడు. "నీ చేత్తోనే తీసెయ్యమ్మా. నేర్చుకున్నట్టుంటుంది."

ఆమె ఒక్కొక్కటే తీసేసింది. పదిహేడోది తీస్తుంటే కీబోర్డు మీద రెండు చుక్కలు రాలాయి. ఆయన జేబులోంచి రుమాలు తీసి కీబోర్డు తుడిచాడు.

అందరూ లేచాక మేనేజర్ ఆయన భుజం తట్టాడు. "మీ సెలవులు కుప్పలు పడి ఉన్నాయి. హాయిగా వెళ్లి రండి."

ఆయన ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఫోన్ పక్కనే కూర్చున్నాడు. అది ఒక్కసారీ మోగలేదు.

"అంతలా గుడ్లప్పగించి చూస్తే దానికి సిగ్గేస్తుందండీ" అంది భార్య.

"నీకేం తెలుసు? నా ప్రోగ్రాం అంత బాగా నడుస్తోందన్నమాట" అని మురిసిపోయాడు.

సెలవు ముగిసి ఆఫీసుకు వచ్చాడు. గాజు తలుపు దగ్గర కార్డు పెడితే ఎర్రలైటు వెలిగింది. కార్డును చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్రలైటే. లోపలి నుంచి కొత్తమ్మాయి వచ్చి తలుపు ఓరగా తెరిచింది.

"ఏమ్మా, నా ప్రోగ్రాం ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది సార్. ఒక్క లైను కూడా మార్చలేదు. మొన్న చేరినావిడే చూసుకుంటోంది."

"చెప్పానా!" ఆయన మొహం వెలిగిపోయింది. "సరే, పక్కకు జరుగు. ఈ కార్డు పాడైనట్టుంది."

"కార్డు బాగానే ఉంది సార్." ఆమె జరగలేదు. "మీరు నేర్పిన పద్ధతే. మీకు చెప్పకుండా మిమ్మల్నే ఆపి చూశాం. రెండు వారాలు, ఎవరూ అడగలేదు."