మాత్ర వేళ

తెల్లవారకముందే నా ఫోన్లో అలారం మోగింది. వీపున సంచులతో ఊళ్లు తిరిగే కుర్రకారు దిగే హాస్టల్ అది. అలాంటి చోట పడుకోవడం నాకదే మొదటిసారి. గదంతా సణుగుతూ లేచింది.

“ఇంకా కోడైనా కూయలేదు బాబాయ్!” అంది పై మంచం అమ్మాయి.

“మాత్ర వేళయిందమ్మా.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా!” నిచ్చెన దిగి, తన సీసా నా చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది.

ఖాళీ గుప్పిట నోటికెత్తి నీళ్లు తాగాను.

“మా నిద్రకేంలెండి, రేపూ మోగనివ్వండి. మీరు మర్చిపోతే కష్టం.”

మాత్ర మా ఆవిడది. ఆవిడ పోయి ఏడాదయింది. ఇంట్లో ఆ అలారం తీసేయడానికి చేతులు రాక, పదిమందిలో పడితే సిగ్గుకైనా తీసేస్తానని ఈ హాస్టల్లో దిగాను.