రసీదు లేని పుస్తకం

"సేటూ, నా పుస్తకమైందా?"

మల్లికార్జునరావు తలెత్తలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బైండింగ్ షాపు నడిపేవాడికి ఏప్రిల్ నెలలో తలెత్తే తీరిక ఉండదు. కాలేజీల ప్రాజెక్టులన్నీ ఒక్కసారే మీద పడతాయి.

"రసీదు ఇవ్వండి పెద్దాయనా."

"రసీదు లేదు సేటూ."

అప్పుడు తలెత్తాడు. డెబ్బై దాటిన మనిషి. చంకలో మడతపెట్టిన గుడ్డసంచి. పోయిన వేసవిలోనూ వచ్చాడు. అంతకు ముందు వేసవిలో కూడా.

"ఎవరు ఇచ్చారు బైండింగ్‌కి?"

"ఒక ఆడపిల్ల. మీ దగ్గర్నే కుట్టిపిస్తనన్నది. అయినంక నాకొకటి ఇస్తనన్నది."

"మనవరాలా?"

"కాదు. చదువుకునే పిల్ల."

"పేరు?"

ముసలాయనకు పేరు గుర్తుకు రాలేదు.

"మస్తు నవ్వుతది," అన్నాడు.

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. రావు నవ్వలేదు. మనిషిని చూడగానే బేరం అవునో కాదో తేల్చుకోవడం అతనికి ముప్పై ఏళ్ల అలవాటు. ఈయన బేరం కాదు.

"రసీదు లేనిదే పుస్తకం కదలదు పెద్దాయనా. ఒకరిది ఇంకొకరికి ఇస్తే రేపు నా పీకల మీదకొస్తుంది."

"ఆ బిడ్డ అబద్ధమాడదు సేటూ."

ఇంతలో వెనక నుంచి ఒకమ్మాయి తోసుకుంటూ ముందుకొచ్చింది. పేరు సింధూర. ఎం.ఏ. తెలుగు ఆఖరి సంవత్సరం. ఎల్బీనగర్‌లో ఒక స్కూలు వాళ్లు జూన్ నుంచి టీచరుగా రమ్మన్నారు, ఎం.ఏ. పూర్తయితేనే.

"అంకుల్, ఆ పాటల ఫైలు ఉందన్నరు గదా. పెన్‌డ్రైవ్ తెచ్చిన."

ముసలాయన ఆమె వైపు తిరిగాడు.

"ఏం పాటలు బిడ్డా?"

"నీకెందుకు తాతా. జర జరుగు."

ఆయన జరిగాడు.

రావు తన షాపు కార్డు తీసి, వెనక 'మే 10' అని రాసి ఇచ్చాడు.

"ఆ రోజు రండి. చూద్దాం."

అప్పటికి సీజను అయిపోతుంది. మనిషిని కౌంటరు ముందు నుంచి పంపడానికి అంతకన్నా చవకైన మార్గం లేదు.

ముసలాయన కార్డును రెండు చేతులా అందుకుని, సంచి మడతలో దాచుకుని వెళ్లిపోయాడు.

సింధూర అడిగిన ఫైలు ఆరేళ్ల నాటిది. అరుణజ్యోతి అనే అమ్మాయి, ఎద్దులతో బావి నీళ్లు తోడేటప్పుడు పాడే మోట పాటలు సేకరించి, ఈ షాపులోనే టైపు చేయించి, బైండింగ్ చేయించుకుని పోయింది. ఫైలు కంప్యూటర్లో ఉండిపోయింది. అమ్ముడుపోయే సరుకును రావు పారేసే రకం కాదు. అట్ట మీది పేరు చెరిపేసి ఆ చోటు ఖాళీగా ఉంచాడు. ఏటా ఇద్దరు ముగ్గురు కొనుక్కుని అందులో తమ పేరు వేయించుకునేవారు.

పేజీలు లెక్కపెట్టేవాడే గానీ, అందులో ఏముందో అతను ఏనాడూ చదవలేదు.

మే మొదటి వారంలో సింధూర మళ్లీ వచ్చింది. నల్లటి అట్ట, బంగారు అక్షరాల్లో ఆమె పేరు. పుస్తకాన్ని కౌంటరు మీద పెట్టింది.

"సార్ సంతకం పెట్టలే అంకుల్."

"ఏం, బైండింగ్ బాగోలేదా?"

"అట్ట మంచిగనే ఉందట. ఈ పాటలు పాడినోళ్ల గొంతు వినిపియ్యమన్నడు. రికార్డు తేకుంటే సంతకం వచ్చే ఏడే అన్నడు."

"పాడినవాళ్ల పేర్లు ఉంటాయి కదమ్మా ఆఖరి పేజీలో."

"ఒక్క పేరే ఉంది. జంగయ్య, తుర్కయంజాల్. అన్ని పాటలూ ఆయనే పాడిండట."

"ఇంకేం, మంచిదేగా. పదిమంది చుట్టూ తిరిగే పని తప్పింది. సాగర్ రోడ్డు బస్సెక్కి వెళ్లు. ఫోన్లో పాడించుకుని రా."

సలహాకు డబ్బులు లేవు కాబట్టి అంతటితో ఆపి, తన పనిలో పడ్డాడు.

తొమ్మిదో తేదీ సాయంత్రం ఆమె వచ్చేసరికి షాపులో ఎవరూ లేరు.

"దొరికాడా?"

"ఇల్లు దొరికింది. ఆయన పోయి పదిహేను రోజులైందట."

రావు చేతిలో కత్తెర ఆగింది.

"ఇంట్లో ఇంకెవరికీ రావా ఆ పాటలు?"

"మోటలే లేవు, పాటలెవరికి కావాలె అంకుల్. ఆయన పాడుతుంటే ఇంట్ల అందరం నవ్వేటోళ్లమన్నది కోడలు. ఒక్క చదువుకునే పిల్ల మాత్రం వారం రోజులొచ్చి కూసోని రాసుకపోయిందట."

ఏడుస్తుందేమోనని రావు మంచినీళ్ల సీసా ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఏడవలేదు. సీసా ముట్టుకోలేదు.

"రేపు కొడుకొస్తడట మీ షాపుకు."

"నా షాపుకా? ఎందుకు?"

"మీరు తారీఖిచ్చిన్రట గదా."

బ్యాగులోంచి కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. రావు దాన్ని తిప్పి చూశాడు. వెనక తన చేతిరాత. మే 10.

"గోడకు ఫొటో చూసిన. జరుగు తాతా అన్న నేను," అంది సింధూర, గోడగడియారం వైపు చూస్తూ.

రావు కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచాడు. అట్ట మీద ఖాళీగా ఉన్న చోట జంగయ్య అని కొట్టి, ఒక్క ప్రతి ప్రింటు ఇచ్చాడు. కాగితాలు ఒక్కొక్కటే వచ్చి ట్రేలో పడుతున్నాయి. ఈసారి లెక్కపెట్టలేదు.

ఆరేళ్లుగా తాను ఎవరి పాటలు అమ్ముకుంటున్నాడో ఆ మనిషినే, రసీదు లేదని, మూడు వేసవులు ఉత్త సంచితో తిప్పి పంపాడు.