తడి చెంచా

"నా ఊరగాయ డబ్బాలో తడి చెంచా పెట్టినోడు ఎవడ్రా?"

సౌదీలోని ఉనైజా ఖర్జూరం తోటలో, కూలీల గదిలో ఓబులయ్య కేకలకు అందరూ తిండి వదిలేసి చూశారు.

"నేనే మామా. చెంచా తడికి అంత రచ్చేంది? అత్త మళ్లీ పంపదా?" అని జానీ నవ్వాడు.

ఓబులయ్య అతని గొంతు పట్టుకున్నాడు. "బూజు పడతాదిరా! పడితే నేనేం జెయ్యల్ల?"

చిల్లర విషయాలకు కొట్టుకుచస్తారని వీళ్లను వెక్కిరించే పెద్దమనుషులారా, ఇదీ వినండి. ఆ ఊరగాయ పెట్టి పంపిన తన భార్య తెల్లవారుజామున చనిపోయిందని గదిలో ఓబులయ్య ఒక్కడికే తెలుసు. సాయంత్రం ఊళ్లో పూడ్చేస్తారు. తనను పంపమని పొద్దున కాళ్లు పట్టుకుంటే వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, విదిలించుకున్నాడు:

"కోత అయ్యాక పోదువులే. ఇంతదానికి అంత రచ్చెందుకు?"