గొంతు వినిపించినంత దూరం

"మంచు వస్తోంది."

పక్కబల్ల దగ్గరి ముసలాయన అన్న మాట అది. గొంతులోంచి మాటకి బదులు గాలి వచ్చింది.

"మంచం వస్తోందా!" పడక్కుర్చీలో ఊర్స్ ఒక కన్ను తెరిచాడు. "హోటలంటే ఇదీ! ఇక్కడే వేయమనండి పెద్దాయనా, లేచే పని ఉండదు."

ముసలాయన భుజాలు కదిలేలా నవ్వి, వేలు పైకెత్తి చూపించాడు. శిఖరం మీంచి తెల్లటి తెర దిగుతోంది.

"మంచు నాన్నా, మంచు!" నోఎమీ పడీ పడీ నవ్వింది.

వాళ్ళు బాసెల్ పట్నం నుంచి ఈ కొండ ఊరు హోఖ్‌మాట్‌కి వచ్చింది నిన్ననే. పొద్దుట్నుంచి ఆ కుటుంబం వెలగబెట్టిన ఘనకార్యం: కాఫీ, కునుకు, రొట్టె, చీజ్, మళ్ళీ కునుకు. ఎదురుగా ఉన్నది పర్వతం. ఊర్స్‌ది పర్వాలేదు మతం.

"కొండెక్కుదాం నాన్నా."

"నా ఓపిక రైల్లోనే కొండెక్కిందమ్మా."

రెగూలాకి మాత్రం కునుకు పట్టలేదు. భర్త వచ్చింది విశ్రాంతికి, కూతురు వచ్చింది ఐస్‌క్రీముకి. ఆమె వచ్చింది ఒక గొంతు కోసం.

ఈ కొండల్లో వేసవి పొడుగునా, పొద్దుగూకే వేళ, పశువుల కాపరి పాలు వడగట్టే కొయ్యగరాటు నోటికి పెట్టుకుని దేవుణ్ణీ మేరీమాతనీ పిలుస్తాడు. ఆ గొంతు వినిపించినంత దూరం రాత్రంతా ఏ ప్రాణికీ ఆపద రాదని నమ్మకం. పిలుపు రోజుకి ఒక్కసారే.

చిన్నప్పుడు రెగూలా ఇక్కడే పొగమంచులో తప్పిపోయింది. ఆరోజు ఆ పిలుపు ఆగలేదు. అయిపోతే మళ్ళీ మొదలు, అయిపోతే మళ్ళీ మొదలు. తాడు పట్టుకున్నట్టు ఆ గొంతు పట్టుకుని నడిచింది. సగం దారిలో లాంతరుతో నాన్న ఎదురయ్యాడు. మర్నాడు పొద్దున్నే రైలెక్కించి ఇంటికి తీసుకుపోయాడు.

పిలిచిన మనిషి ముఖం ఆమె చూడలేదు. ఇన్నేళ్ళుగా ఏ అలికిడి లేని సాయంత్రమైనా సరే, ఆమె చెవులు ఆ పిలుపు కోసమే వెతుక్కుంటాయి.

రేపు పశువులు కొండ దిగిపోతాయి. ఈ ఏటికి ఇదే ఆఖరి పిలుపు. ఇవాళ కడుపునిండా వినాలి. రేపు మందతో దిగివచ్చే కాపరి చేతులు పట్టుకుని, తెచ్చిన తేనె బిస్కెట్ల డబ్బా ఇవ్వాలి. అదీ ఆమె కోరిక.

"తాతా, తీసుకోండి." నోఎమీ ఆ డబ్బా తెరిచి ముసలాయన ముందు పెట్టింది.

"నోఎమీ! అవి ఒకరి కోసం తెచ్చానని చెప్పానా లేదా?" రెగూలా మూత బిగించేసింది.

ముసలాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఏదో గొణిగాడు.

"పర్వాలేదంటున్నాడు" అన్నాడు ఊర్స్. "మన మతమే!"

పొద్దు వాలింది. మంచు చర్చి గంట దాకా దిగింది. ముసలాయనకి దగ్గు తెర పట్టుకుంది. ఆగినట్టే ఆగి, మళ్ళీ.

రెగూలా ఓపిక పట్టింది. ఇంక పట్టలేకపోయింది.

"పెద్దాయనా, ఏమీ అనుకోకండి. ఇంకాసేపట్లో పైనుంచి పిలుపు వస్తుంది. దానికోసమే ఇంత దూరం వచ్చాను. మీ దగ్గులో నాకు ఒక్క ముక్కా వినపడదు. కాస్త అవతలికి వెళ్తారా?"

ఆయన ఆమెని కొత్తగా చూశాడు. కళ్ళు మెరిశాయి.

"అదంటే మీకూ ఇష్టమా?" అన్నాడు. వచ్చింది గాలే.

"ఏంటంటున్నాడు?"

"ఏమో!" అన్నాడు ఊర్స్.

ముసలాయన టోపీ పెట్టుకుని, సంచీ అందుకుని, దగ్గుని చేతిరుమాల్లో నొక్కిపెట్టుకుంటూ మెట్లు దిగాడు. మలుపులో ఆగి ఉన్న బస్సెక్కాడు.

బస్సు చప్పుడు లోయలో కలిసిపోయాక, పైనుంచి వచ్చింది పిలుపు.

బల్లల దగ్గర చెంచాలు ఆగిపోయాయి. రెగూలా లేచి నిలబడింది. ఒక్కో పేరు సాగి, విరిగి, మంచులోంచి దిగివస్తోంది.

"అదే గొంతు! ఊర్స్, అదే!"

ఊర్స్ కూడా పడక్కుర్చీలో లేచి కూర్చున్నాడు.

పిలుపు ముగిశాక హోటలావిడ మాతిల్డే కప్పులు తియ్యడానికొచ్చింది. రెగూలా ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

"ఎవరండీ ఆయన?"

"ఆయనా? మా మేనల్లుడమ్మా! ఇంకా మీసమే సరిగ్గా మొలవలేదు వెధవకి."

"కాదండీ, నా చిన్నప్పుడూ ఇదే గొంతు."

"మీ చిన్నప్పటికి వాళ్ళమ్మకి పెళ్ళే కాలేదు!" పక్కబల్లల వాళ్ళు గొల్లుమన్నారు. "గొంతు వాడిది. పలుకూ విరుపూ మా పాత కాపరి బాల్జ్‌వి. గాలితోనే నేర్పాడు పాపం."

"గాలితోనా?"

"గొంతెక్కడిది ఆయనకి? అప్పుడెప్పుడో పట్నం పిల్లెవరో తప్పిపోయిందని పైకి కబురెళ్తే, తెల్లారేదాకా పిలుస్తూనే ఉన్నాడు. నెత్తురు కక్కాడు. ఇంక గొంతు రాలేదు."

"తెల్లారేదాకానా?" రెగూలా ఆవిడ చెయ్యి వదిలేసింది. "కానీ... పిల్ల ఆ సాయంత్రమే..."

"దొరికిందట. ఆ ముక్క పైకెళ్ళి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు."

"ఎక్కడుంటారు? నేను వెళ్ళాలి. ఇప్పుడే."

"ఆసుపత్రికి పోతున్నాడమ్మా. ఈసారి వెళ్తే తిరిగి రానన్నాడు." మాతిల్డే ఖాళీ కుర్చీ వైపూ, అక్కడున్న అందరి వైపూ అయోమయంగా చూసింది. "ఆఖరిసారి పిలుపు విని చివరి బస్సుకి వెళ్తానని, పొద్దుట్నుంచీ మీ పక్కనే కూర్చున్నాడుగా, వినకుండానే ఎందుకెళ్ళిపోయాడో మరి!"