రాణిని మార్చే రోజు

రామతులసి తేనెటీగల పెట్టె మూత తీసి, తేనెపట్టున్న చట్రం ఒకటి పైకెత్తి వెలుగుకు పట్టింది.

మైనపు గదులు చాలావరకు ఖాళీ. అక్కడొక గుడ్డు, ఇక్కడొక గుడ్డు.

రాణి ఈగ అంచు వెంబడి మెల్లగా నడుస్తోంది.

“ఇంకా చూత్తన్నావా?” వెనకనుంచి భర్త వెంకన్న అడిగాడు. “పక్క పెట్టెలో కొత్త రాణి పెరిగే గది ముదిరిపోయింది. ఈ ముసల్దాన్ని నలిపేసి, ఆ గది కోసుకొచ్చి ఇందులో అతికించు. ఇయ్యాల అయిపోవాలి.”

“పంచదార నీళ్లు పెట్టి కొన్నాళ్లు చూద్దామండి.”

“గుడ్డు పెట్టనిదానికి మేపెందుకు?”

ఆ మాట అన్నాక అతను భార్య ముఖం వైపు చూడలేదు. చెప్పులేసుకుని, బజార్లో తన బట్టల కొట్టుకు వెళ్లిపోయాడు.

యానాం మెట్టకూరులో ఆ ఇంటికి రామతులసి కోడలుగా వచ్చి పదేళ్లు దాటింది. పిల్లల్లేరు. కిందటేడు, ఎనభై ఆరు వరదలో, ఈ పెట్టెలను డాబా మీదికి చేర్చి కాపాడింది ఆమే. ఇప్పుడు ఏటి అవతల ఎదుర్లంకలో వెంకన్నకు రెండో సంబంధం కుదిర్చారు. వచ్చే నెల్లోనే ముహూర్తం.

“నువ్వూ ఉండు, ఎవరొద్దన్నారు?” అంది అత్తగారు.

పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఉండక ఎక్కడికి వెళ్తుంది?

గేటు చప్పుడైంది.

గొడుగు పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ లోపలికి వచ్చింది.

“ఇక్కడ తేనె అమ్ముతారంట గదండీ. ఎదుర్లంక నుంచొచ్చాను.”

ఎదుర్లంక అనగానే రామతులసి ఆమెను ఎగాదిగా చూసింది. ఇల్లు చూసి రమ్మని పెళ్లివారు పంపిన మనిషన్నమాట.

“తేనె లేదు.”

ఆమె వెళ్లలేదు. పెట్టె దగ్గరికి వచ్చి వంగి చూసింది.

“ఇందులో రాణి ఏదండీ?”

“అదిగో, పొడుగ్గా ఉన్నది.”

“బయట తిరగదా?”

“పెళ్లికని ఎగిరెళ్తది. తిరిగొచ్చాక ఇంక గూట్లోనే.”

“అయితే పేరుకే రాణి.”

రామతులసి చూపు ఆ రాణి మీదే ఉంది.

“దాన్నే చూత్తన్నారు, ఏమైందండీ?”

“గుడ్లు సరిగ్గా పెట్టట్లేదు. తీసేసి కొత్తదాన్ని పెట్టమన్నారు.”

“తీసేసి అంటే?”

“చంపడమే.”

“లోపం దానిదేనని ఎలాగ తెలుత్తదండీ?”

రామతులసి చట్రాన్ని పెట్టెలోకి దించేసింది.

“చూడమ్మా, ఏం చూసి రమ్మన్నారో చూసేశావుగా. కాకినాడ డాక్టరమ్మ నాలో ఏ లోపమూ లేదంది. ఆయన్ని పరీక్షకి రమ్మంటే రానన్నారు. వెళ్లి అదీ చెప్పు.”

ఆమె ముఖం పాలిపోయింది.

“ఈ పెళ్లి మీరే పట్టుబట్టి చేయిత్తున్నారని మాకు చెప్పారండీ. తోడుకో చెల్లెలు కావాలని అడిగారంట.”

“నన్నెవరడిగారు?” రామతులసి గొంతు పెరిగింది. “నీకేం, కబుర్లు మోసుకుని పోతావు. ఈ నాలుగ్గోడల మధ్య ఉండాల్సింది నేను. నడు.”

“నేనూ మా అన్నయ్య ఇంట్లో ఓ మూల పడుంటానండీ. నాకు తెలుసు.”

“నడవమన్నాను.”

ఆమె గొడుగు తెరిచి, కాలు ఈడ్చుకుంటూ రేవు దారి పట్టింది. ఎండ మాడిపోతోంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మంచినీళ్లయినా ఇవ్వలేదని రామతులసికి తర్వాత తోచింది.

మళ్లీ మూత తీసింది. రాణిని రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. వేళ్లు కొంచెం నొక్కితే చాలు.

నొక్కలేకపోయింది.

మూలనున్న చిన్న పెట్టె తుడిచి, ఈగలున్న చట్రం ఒకటి అందులో పెట్టి, రాణిని దాని మీద వదిలింది. ఆ తర్వాతే పెద్ద పెట్టెలో కొత్త రాణి గది అతికించింది.

సాయంత్రం వెంకన్న అడిగాడు.

“చంపేశావా?”

“లేదండి. వేరే పెట్టెలో పెట్టాను.”

“నేనేం చెప్పాను, నువ్వేం చేశావ్?”

“దాన్ని ఉండనివ్వండి.”

పెళ్లయ్యాక అతని మాట ఆమె దాటడం అదే మొదటిసారి. వెంకన్న విసురుగా లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ఎదుర్లంక నుంచి కబురు వచ్చింది. సంబంధం వద్దనుకున్నారట. ఎందుకో చెప్పలేదట. అత్తగారు వీధి అరుగు మీద కూర్చుని వాళ్లను తిట్టిపోసింది.

రామతులసికి ఆ కాలు ఈడ్చే మనిషే గుర్తొచ్చింది. విన్నది విన్నట్టు పెళ్లివారికి చెప్పి ఉంటుంది. తిట్టి పంపినా మేలే చేసింది.

ఇంట్లో అడిగితే వెళ్లనివ్వరు. ఓ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా గేటు తీసుకుని బయటపడింది. రేవులో పడవెక్కి గోదారి దాటింది.

ఎదుర్లంకలో పెళ్లివారి ఇల్లు అడిగి తెలుసుకుంది. వాకిట్లో ఆ ఇంటావిడ కొబ్బరి ఈనెలు చీరుతోంది.

“మీ ఇంటి నుంచి ఒకావిడ యానాం వచ్చిందండీ. కాలు కాస్త ఈడుస్తది. ఓసారి కనబడి పోదామని.”

“సీతామాలక్ష్మా? లేదు.” ఆమె తలెత్తలేదు. “అది చేసిన పనికి వాళ్లన్నయ్య ఇంట్లోంచి పొమ్మన్నాడు. ఎటెళ్లిందో తెలీదు.”

“అదేంటండీ! చూసి రమ్మని పంపింది మీరే గదా.”

“మేమెందుకు పంపుతాం? మాకు చెప్పకుండా పడవెక్కింది.”

“మరి... ఆవిడెందుకొచ్చినట్టు?”

ఈనెలు చీరుతున్న చెయ్యి ఆగింది.

“ఆ కాలితో ఇన్నేళ్లకి దానికొచ్చిన ఒకే ఒక్క సంబంధం, ఆ యానాం బట్టల కొట్టాయనది, ఆ ఇల్లు చూసొచ్చి, ‘ఆ ఇంట్లో నాలాంటి మనిషుంది వదినా, నేను చేసుకోను’ అని చేతులారా పోగొట్టుకుంది.”