పడుకోబెట్టని రాజు

“రాజును పడుకోబెట్టు, సుకియాస్ తాతా. ఇంకా ఏం మిగిలిందని ఆడతావు?” అన్నాడు టాక్సీ గగిక్.

సుకియాస్ వినిపించుకోలేదు. గోరిస్ ఊరి కాన్పుల ఆసుపత్రి గేటుకి అతను కాపలా. గేటు పక్కనే చదరంగం బల్ల. ఎదురుగా హ్రాంత్. అతని భార్య షుషన్ లోపల ఆపరేషన్ గదిలో ఉంది.

మగవాళ్లకి లోపలికి ప్రవేశం లేదు. పొద్దున నర్సు అరెవ్ నోరుజారి “కష్టంగానే ఉంది” అనేసరికి హ్రాంత్ గేటెక్కబోయాడు. సుకియాస్ కాళ్లు పట్టి కిందికి లాగాడు.

“ఆడి గెలువు, గేటు నేనే తీస్తాను. నేను గెలిస్తే మాత్రం నోరెత్తకుండా ఇంటికి పోవాలి.”

గంటన్నరకే సుకియాస్ మంత్రి పోయింది. శకటాలు రెండూ పోయాయి. ఒక ఏనుగు, ఒక గుర్రం, నాలుగు బంట్లు మిగిలాయి. అలాంటప్పుడు ఓడినట్టు రాజును పడుకోబెట్టి చేయి కలపాలని ఆ ఊళ్లో బడిపిల్లలకి కూడా తెలుసు.

సుకియాస్ పది నిమిషాలు ఆలోచించి రాజును ఒక గడి పక్కకి జరిపాడు. ఇంకో పది నిమిషాలు ఆలోచించి వెనక్కి జరిపాడు.

“బళ్లోనే చదరంగం నేర్పే ఆర్మేనియాలో పుట్టి ఇదేం ఆట?” హ్రాంత్ వెనకాల నిలబడి గగిక్ సతాయించాడు. “ఓడిపోయాక సాగదియ్యడమంటే ఎదుటివాణ్ని అవమానించడమే.”

“నీ టాక్సీ ఎవడైనా ఎత్తుకుపోతాడు, పోయి చూసుకో.”

“ఎత్తుకుపోయినవాడే తెచ్చి ఇస్తాడులే, దాని సంగతి తెలిశాక.”

హ్రాంత్ నవ్వలేదు. పై అంతస్తు కిటికీకేసి చూస్తూనే బల్లకి అవతలి వైపున్న బంట్లు ఒక్కొక్కటీ తింటున్నాడు.

“తాతా, నీకూ కూతుళ్లున్నారు. ఒప్పుకో. దాన్ని ఒక్కసారి చూసి వచ్చేస్తాను.”

“పోయి ఏం చేస్తావు, కుట్లేస్తావా? ఆడు.”

హ్రాంత్ పిడికిలితో బల్ల గుద్దాడు. పావులు అదిరాయి.

“సిగ్గులేదా నీకు?”

“లేదు. ఎత్తు నీదే.”

పైన కిటికీ తెరుచుకుంది. అరెవ్ సగం బయటికి వంగింది.

“హ్రాంత్! ఆడపిల్ల! షుషన్‌కి మెలకువొచ్చింది, నీళ్లడుగుతోంది! భయం లేదన్నాడు డాక్టరు!”

హ్రాంత్ లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. మొహం అరచేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

అప్పుడు సుకియాస్ తన రాజును మెల్లిగా పడుకోబెట్టి చేయి చాపాడు.

“ఓడిపోయాను. పద. బూట్లు గుమ్మంలోనే విప్పు, అరెవ్ తిడుతుంది.”

“ఇప్పుడొచ్చిందా బుద్ధి!” అన్నాడు గగిక్.

ఇద్దరూ లోపలికి వెళ్లారు. గగిక్ హమ్మయ్య అనుకుని సుకియాస్ పీట మీద కూర్చున్నాడు. ముసలాడు ఇంతసేపు ఎలా లాగాడో చూద్దామని పడుకున్న రాజును లేపి నిలబెట్టాడు.

ఈ పక్క నుంచి చూస్తే బల్ల వేరేలా ఉంది. హ్రాంత్ రాజు మూలన ఉంది. సొంత ఏనుగూ సొంత బంట్లూ చుట్టూ కమ్మి దాన్ని కదలనివ్వడం లేదు. గగిక్ సిగరెట్ నోట్లో పెట్టుకుని వెలిగించడం మరిచిపోయాడు. సుకియాస్ వైపు గుర్రాన్ని ఒక్క గెంతు గెంతించాడు. ఆట కట్టు. హ్రాంత్ తిన్న బంట్లు ఒక్కొక్కటీ తిరిగి పెట్టి చూశాడు. అన్నిసార్లూ అదే గెంతు.

సుకియాస్ గంట కిందటే గెలవగలిగేవాడు.