మూడో చీటీ

"ఆయన బయటికెళ్ళాడు సార్. తాళం వేసుకుని వెళ్ళాడు," అంది ఫోనులో అమ్మాయి. రోజూ పదకొండింటికి ఆమె మొదట చెప్పే మాట అదే.

పోలీసు రైటరు కలం తీశాడు. వరస హత్యల కేసులో జనం ఫోను చేసి చెప్పే సమాచారాన్ని చీటీల మీద రాసుకోవడం అతని పని. గదిలో ఒక బల్ల, రెండు ఫోన్లు. ఎదురుగా గోడ మీద చనిపోయిన నలుగురు ఆడవాళ్ళ ఫోటోలు, కింద పేర్లు. చూసి చూసి అవి అతనికి కంఠతా వచ్చేశాయి.

శవాలు ఒక్కోటి ఒక్కో చోట దొరకడంతో కేసు మూడు శాఖల పాలైంది. నగర పోలీసులు, జిల్లా పోలీసులు, రైల్వే పోలీసులు. ఎవరి రిజిస్టరు వాళ్ళదే. ఒకరిది ఇంకొకరు చూడాలంటే ఉత్తరం రాయాలి. దానికి జవాబు రావాలంటే పెట్టి పుట్టాలి.

ఆ అమ్మాయి ఒక ఇంట్లో మతి నిలకడలేని ముసలావిడను కనిపెట్టుకుని ఉండే ఆయా. "ఆయన" అంటే ఆవిడ కొడుకు. ఇంతకుముందు ఆయాలు చెప్పాపెట్టకుండా మానేశారని ఆయన చెప్పాడు. కానీ అటక మీద వాళ్ళ పెట్టెలున్నాయి. లోపల మడత నలగని బట్టలున్నాయి.

"మానేసినవాళ్ళు పెట్టెలు వదిలేసి వెళ్తారా సార్?"

వెళ్ళరని రైటరుకూ తెలుసు. ఇన్‌స్పెక్టరు మాత్రం కదల్లేదు. అప్పటికే నాలుగువేల చీటీలు పోగయ్యాయి. సగం అద్దెకున్నవాళ్ళు ఇంటి ఓనర్ల మీద, అల్లుళ్ళు మామల మీద రాయించినవే. అందుకని ఒక రూలు పెట్టారు. ఒకే చిరునామా మీద ముగ్గురు వేర్వేరు మనుషులు చెబితేనే బృందం కదులుతుంది. ఇంకో రూలు కూడా ఉంది. చెప్పినవాళ్ళ ప్రాణానికి ముప్పు రాకూడదని, వాళ్ళ పేర్లు విడిగా కవర్లో పెట్టి సీలు వేస్తారు. బృందం కదిలేదాకా దాన్ని ఎవరూ విప్పకూడదు.

రైటరు ఉండబట్టలేక దగ్గర్లోని స్టేషనుకు చెప్పి ఒక కానిస్టేబుల్ని పంపించాడు. ఇంటాయన అతన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. అమ్మ ఎటో వెళ్ళిపోతుందని తాళం వేస్తున్నానన్నాడు. పక్కనే నిలబడ్డ అమ్మాయిని అడిగితే అంతా బాగానే ఉందంది. మరేమంటుంది పాపం. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడు.

"ఇంకో ఇద్దరు కావాలమ్మా," అన్నాడు రైటరు సిగ్గుపడుతూ.

"ఈ ఇంట్లో ఉన్నది నేనూ ఈ ముసలావిడే సార్. ఇద్దర్ని ఎక్కణ్ణుంచి తేను?"

రైటరు మిగతా రెండు శాఖలకూ ఉత్తరాలు రాశాడు. జవాబుల కోసం కాళ్ళరిగేలా తిరిగాడు. కంచం ముందు కూర్చుని కూడా అదే ధ్యాస. ఆ అమ్మాయి మీకేమైనా చెల్లెలా అని భార్య దెప్పింది. అవుననే అన్నాడు.

పన్నెండో రోజు పదిన్నరకు రెండు జవాబులూ ఒకేసారి వచ్చాయి. జిల్లావాళ్ళ దగ్గర ఒక చీటీ, రైల్వేవాళ్ళ దగ్గర ఒక చీటీ. రెండింటిమీదా అదే చిరునామా. చెరో సీలు కవరు.

రైటరు పరుగెత్తాడు. ఇన్‌స్పెక్టరు ఈసారి మారుమాట్లాడలేదు. పావుగంటలో రెండు జీపులు గేటు దాటాయి. రైటరుకు ప్రాణం లేచొచ్చింది. పాలవాడో, పక్కవీధివాళ్ళో, ఎవరైతేనేం, చూసినవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు.

పదకొండింటికి ఫోను మోగింది.

"ముగ్గురయ్యారమ్మా. మావాళ్ళు బయల్దేరారు. ముసలావిణ్ణి తీసుకుని గదిలోకెళ్ళి గడియ పెట్టుకో."

అవతల ఏడుపు వినిపించింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె సార్ అనలేదు.

"అన్నయ్యా, ఆ ఇద్దరూ ఎవరో చెప్పండి. వాళ్ళకు దణ్ణం పెట్టుకుంటాను."

బృందం కదిలింది. ఇక కవర్లు విప్పొచ్చు. రైటరు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నవ్వుతూ ఒకదాని తర్వాత ఒకటి చింపాడు.

రెండు పేర్లూ ఎదురుగా గోడ మీద, ఫోటోల కింద ఉన్నాయి.